నోటి తడి ఆరిపోతే...

నాలుగేళ్ళ క్రితం రమజాన్ మాసంలో తరావీహ్ నమాజ్ చేయిస్తుండగా మాకు ఒక విచిత్రమైన ఇబ్బంది ఎదురయింది. ఎనిమిది రకాతులు పూర్తయ్యేసరికి నాలుక అంగిలికి అతుక్కుపోసాగింది. పెదవులు ఒకదానికొకటి అంటుకుంటున్నాయి. ముప్పై ఏళ్ళుగా పిల్లలకు మఖారిజ్ (అక్షరాల ఉచ్చారణ స్థానాలు) నేర్పుతున్న మాకే 'సాద్', 'జాద్' అక్షరాలు సరిగా పలకలేదు. ఒకచోట మాట ఆగిపోగా, వెనుక వరుసలో నిలబడిన మా విద్యార్థి మేము ఆయతు మరచిపోయామనుకొని లుఖ్మా అందించాడు. మేము మరచిపోలేదు. నోట్లో తడి లేక నాలుక కదలలేదు, అంతే.

పగలంతా రోజా ఉన్నాం కనుక ఇది సహజమేననుకున్నాము. మరునాటి నుంచి జేబులో మిశ్రీ పలుకులు పెట్టుకొని, నమాజ్‌కు ముందూ, మధ్య విరామాలలోనూ బుగ్గన వేసుకోసాగాము. గొంతుకు హాయిగా ఉండేది. పండుగ వెళ్ళిపోయింది కానీ నోటి పొడి వెళ్ళలేదు, మిశ్రీ అలవాటూ వెళ్ళలేదు. బక్రీద్ నాటికి కింది వరుసలో మూడు పళ్ళు చిగురు అంచున నల్లబడ్డాయి. పళ్ళ డాక్టరు గారు మా నోటిని పరీక్షించి అడిగిన మొదటి ప్రశ్న పళ్ళ గురించి కాదు. "మీరు రోజూ ఏ ఏ మాత్రలు వేసుకుంటున్నారు, మౌల్వీ సాబ్?" అని అడిగారు.

మేము రెండు మాత్రలు వేసుకుంటున్నాము. ధూళి పడక తుమ్ములు వస్తుంటే రాత్రిపూట సెట్రిజిన్, ముఖంలో నరాల నొప్పికి ఎమిట్రిప్టిలిన్. లాలాజల గ్రంథులను పని చేయమని పురమాయించే నరాల సంకేతాన్ని రెండవ మాత్ర బలంగా అడ్డుకుంటుందని, మొదటిది దానికి కొంత తోడవుతుందని, రెండూ కలిసి మా నోటిని ఎండబెట్టాయని ఆయన వివరించారు. పైగా ఆ ఎండిన నోట్లో మేము రోజంతా చక్కెర నానబెట్టాము! ఇంతకన్నా శ్రద్ధగా పళ్ళను పాడుచేసుకోవడం ఎవరి వల్లా కాదని ఆయన నవ్వారు. నవ్వదగిన మాటే. కానీ మూడు పళ్ళు పోయాక నవ్వు సులభంగా రాదు.

ఈ అనుభవం తరువాత మేము అడిగి, చదివి తెలుసుకున్న సంగతులను పాఠకుల ముందు ఉంచుతున్నాము. మేము వైద్యులము కాము. అయితే ఈ బాధను చాలామంది పెద్దలు ఎవరికీ చెప్పుకోకుండా మోస్తున్నారని మాత్రం మాకు రూఢి అయింది.

ఆరోగ్యవంతుడైన మనిషి నోట్లో రోజుకు సుమారు అర లీటరు నుంచి లీటరున్నర వరకు లాలాజలం ఊరుతుంది. దీనికోసం అల్లాహ్ మూడు జతల పెద్ద గ్రంథులను అమర్చాడు. ఒక జత చెవుల ముందు, ఒకటి దవడ కింద, ఒకటి నాలుక కింద ఉంటాయి. గవదబిళ్ళలు వచ్చినప్పుడు పిల్లల చెంపలు ఉబ్బేది చెవుల ముందున్న ఆ గ్రంథుల వల్లనే. ఇవిగాక పెదవుల లోపల, బుగ్గలలో, అంగిలిలో వందలాది చిన్న గ్రంథులున్నాయి. మనం ఉమ్మి అని చిన్నచూపు చూసే ఈ నీరే అన్నాన్ని ముద్దగా చేసి గొంతు దింపుతుంది, రుచిని నాలుకకు చేరుస్తుంది, పిండిపదార్థాల జీర్ణాన్ని నోట్లోనే మొదలుపెడుతుంది, ఆమ్లాన్ని విరుస్తుంది, పంటి పైపొరలో కరిగిపోయిన సున్నాన్ని తిరిగి నింపుతుంది. అందుకే ఇది తగ్గినప్పుడు పళ్ళు మామూలుగా పుచ్చే చోట కాక, చిగురు అంచునా, వేళ్ళ దగ్గరా పుచ్చుతాయి. తెల్లటి ఫంగస్ పొర పేరుకుంటుంది. కట్టుడు పళ్ళు నిలవవు, ఒరుసుకుంటాయి. కారం తగిలితే నాలుక మండుతుంది. పొడి రొట్టె ముక్క నీటి గుక్క లేకుండా దిగకపోవడం, రాత్రి నీళ్ళకోసం పదేపదే లేవడం తొలి గుర్తులు. అనుమానం ఉంటే వైద్యులు ఒక చిన్న కప్పులో పదిహేను నిమిషాలపాటు ఊరిన లాలాజలాన్ని పట్టి కొలుస్తారు. ఏమీ నమలకుండా ఒకటిన్నర మిల్లీలీటరు కూడా రాకపోతే గ్రంథుల పని బాగా తగ్గిందన్నమాట.

"వయసు మీద పడింది, నోరు ఎండదా మరి" అని మన ఇళ్ళలో తరచుగా వింటాము. ఈ మాట పూర్తిగా సరి కాదు. పెద్దవాళ్ళ నోరు ఎక్కువగా ఎండడానికి వయసుకన్నా వారు మింగే మాత్రలే పెద్ద కారణం. అలర్జీ మాత్రలు, డిప్రెషన్‌కూ నరాల నొప్పికీ ఇచ్చే మందులు, మూత్రం ఆపుకోలేనివారికి ఇచ్చేవి, రక్తపోటుకోసం మూత్రం ఎక్కువగా పోయించేవి - ఇలా వందలాది మందులకు ఈ గుణముంది. నాలుగైదు రకాలు కలిసినప్పుడు బాధ మరింత పెరుగుతుంది. అలాగని మాత్రలు మన ఇష్టానికి ఆపేయరాదు. మేము ఆ చీటీని పట్టుకొని, మందు రాసిన డాక్టరు గారి వద్దకే వెళ్ళాము. ఆయన ఒకదాన్ని మార్చారు, రెండవదాని మోతాదు మెల్లగా తగ్గించారు. నెలన్నరలో నోటికి సగం తడి తిరిగి వచ్చింది. మిగతా సగానికి జాగ్రత్తలే దిక్కు.

మాత్రలు కారణం కానప్పుడు మొదట గుర్తుకు రావలసింది మధుమేహం. రమజాన్‌లో దాహం వేయడం సహజమే. కానీ ఇఫ్తార్ తరువాత ఎన్ని నీళ్ళు తాగినా తీరని దాహం, పదేపదే మూత్రం, కారణం లేకుండా బరువు తగ్గడం - ఈ మూడూ కలిస్తే పండుగ దాకా ఆగకండి. వేలి కొసన చుక్క రక్తం తీసి చూసే పరీక్ష వల్ల ఉపవాసం భంగం కాదు. కళ్ళలో ఇసుక పోసినట్టుండి, నోరు ఎండి, కీళ్ళు నొప్పి పెడుతుంటే అది షోగ్రెన్ జబ్బు కావచ్చు. శరీర రక్షణ వ్యవస్థ సొంత గ్రంథుల మీదనే దాడి చేసే ఈ జబ్బు పురుషులకన్నా స్త్రీలలో ఎన్నో రెట్లు ఎక్కువ. మన ఆడవాళ్ళేమో అలసటనూ, కీళ్ళ నొప్పినీ ఇంటిపని ఖాతాలో వేసి ఊరుకుంటారు! ఇక గుట్కా, ఖైనీ, జర్దా పాన్ సంగతి వేరే చెప్పాలా? వీటితో నోరు మండుతూ, తెరవడం కష్టమవుతూ ఉన్నా, మూడు వారాలు దాటినా మానని పుండు ఉన్నా అది పొడి నోటి విషయం కాదు, వెంటనే చూపించుకోవలసిన విషయం.

మాకు చిరకాల మిత్రులైన ఒక ఇమామ్ సాహెబ్ గారికి గొంతు క్యాన్సర్‌కు రేడియేషన్ చికిత్స జరిగింది. జబ్బు నయమయింది, అల్‌హమ్దులిల్లాహ్. కానీ కిరణాలు తగిలిన గ్రంథులు తిరిగి కోలుకోలేదు. మరుసటి రమజాన్‌కు మేము చూడబోతే, ఆయన ఇంట్లో ఒక మూల గదిలో తలుపు వేసుకొని కూర్చున్నారు. "మౌలానా! ముద్ద దిగడానికే నీళ్ళు కావాలి. పగలంతా నీళ్ళు లేకుండా ఉంటే గొంతు పగిలి రక్తం వస్తోంది. ముప్పై ఏళ్ళు నలుగురినీ రోజా ఉండమని చెప్పినవాణ్ణి, నేను తాగుతుంటే ఎవరైనా చూస్తే?" అన్నారు. ఆయన అప్పటికే పదకొండు రోజాలు అలాగే ఉన్నారని ఇంట్లోవారు చెప్పారు. రోగులకు మినహాయింపు ఇచ్చినది ఖుర్ఆన్ గ్రంథమేనని ఆయనకు మేము నేర్పవలసిన పని లేదు, అది ఆయనే మాకు నేర్పగలరు. అయినా ఆ రోజు బఖరా సూరా తెరిచి, 184, 185 ఆయతులు ఆయన చేతనే బిగ్గరగా చదివించాము. కోలుకునే ఆశ లేని రోగి ఒక్కో రోజాకు ఒక్కో పేదవానికి అన్నం పెట్టే ఫిద్యా విషయం మాట్లాడుకున్నాము. ఆయన చాలాసేపు ఏమీ అనలేదు. తరువాత లేచి, మా ఎదుటనే ఒక గ్లాసు నీళ్ళు తాగారు.

రేడియేషన్ అవసరమైన వారికి ఒక ముఖ్యమైన మాట. చికిత్స మొదలుకాక ముందే పళ్ళ డాక్టరుకు చూపించుకొని, పాడైన పళ్ళుంటే అప్పుడే తీయించుకోవాలి. తరువాత పన్ను పీకిస్తే దవడ ఎముక మానకుండా కుళ్ళే ప్రమాదముంది.

రోజూ పాటించవలసినవి పెద్ద కష్టమేమీ కాదు. ఉపవాసం లేని రోజుల్లో గటగటా తాగడంకన్నా గుక్కెడు గుక్కెడుగా తరచూ తాగడం మేలు. చక్కెర లేని చూయింగ్ గమ్, ముఖ్యంగా జైలిటాల్ కలిపినది నమిలితే, మిగిలి ఉన్న గ్రంథులు మేలుకొంటాయి. నిమ్మ బిళ్ళలు నీరూరిస్తాయి గానీ వాటి పులుపు పళ్ళను తింటుంది. ఫ్లోరైడ్ ఉన్న పేస్టుతో రెండు పూటలా తోముకొని, నురగ ఉమ్మివేసి, వెంటనే నీళ్ళతో పుక్కిలించకుండా ఉంటే ఆ ఫ్లోరైడ్ పంటిని కాసేపు అంటిపెట్టుకొని పనిచేస్తుంది. ఆల్కహాల్ కలిపిన మౌత్‌వాష్‌లు నోటిని ఇంకా ఎండబెడతాయి. బజారులో దొరికే కృత్రిమ లాలాజలం కొందరికి ఉపశమనమిస్తుంది. సెల్యులోజ్ అనే మొక్కల పదార్థంతో చేసినవి ఉన్నాయి. అయితే విదేశీ రకాలలో కొన్నింటిని పంది కడుపు నుంచి తీసిన మ్యూసిన్‌తో చేస్తారు కనుక, కొనేముందు పెట్టె మీది పదార్థాల పట్టిక చదవాలి, లేదా మందుల షాపులో అడగాలి. గ్రంథులను ప్రేరేపించే పైలోకార్పిన్ అనే మాత్ర ఉంది గానీ, ఉబ్బసం, కొన్ని రకాల కంటి జబ్బులు, గుండె జబ్బు ఉన్నవారికి అది హాని చేయవచ్చు. అది డాక్టరు చేతిలోని పని.

ఇక మిస్వాక్. పీలు వేరును నమిలి మెత్తబరిచేటప్పుడే నోట్లో నీరు ఊరుతుందన్నది వాడేవారందరికీ అనుభవమే. హనఫీ ఫిఖ్‌హ్ ప్రకారం రోజాలో ఏ వేళనైనా మిస్వాక్ చేయవచ్చు. మేము అసర్ నమాజ్‌కు ముందు తప్పనిసరిగా చేస్తాము. ఆ వేళకే మా నోరు ఎక్కువగా ఎండుతుంది.

మా మదర్సాలో చిన్నపిల్లలు రోజా ఉన్నప్పుడు నిమిషానికోసారి బయటికి పరుగెత్తి ఉమ్మి వస్తుంటారు. పెద్దల్లోనూ ఈ అలవాటు చూశాము. తన నోట్లో ఊరిన ఉమ్మిని మింగితే ఉపవాసం భంగం కాదు. ఉన్న తడిని కూడా పారబోసి, సాయంత్రానికి నోరు పిడచకట్టుకుపోయిందని బాధపడడం ఎందుకు? వుజూలో పుక్కిలించడానికీ అడ్డు లేదు, నీరు గొంతులోకి జారేలా అతి చేయకూడదంతే.

సహరీలో మేము ఆవకాయనూ, చిక్కటి చాయ్‌నూ మానేశాము. మొదటిది తేలికగానే పోయింది, రెండవదానికి రెండు రమజాన్‌లు పట్టింది. ఇఫ్తార్‌లో ఖర్జూరాలు తిన్నాక నీళ్ళతో పుక్కిలిస్తాము, ఎందుకంటే ఎండిన నోట్లో ఆ తీపి పళ్ళను అంటుకొనే ఉంటుంది. తరావీహ్‌లో ప్రతి నాలుగు రకాతుల తరువాత కూర్చునే విరామంలో జేబులోంచి మిశ్రీ తీయము. పక్కన ఒక చిన్న నీళ్ళ సీసా ఉంటుంది. నాలుగేళ్ళ క్రితం లుఖ్మా ఇచ్చిన ఆ విద్యార్థే ఇప్పుడు దాన్ని నింపి ముసల్లా పక్కన పెడుతున్నాడు.