రాగిరేకులపై ఒక కవి పంతం

1788వ సంవత్సరం. లండన్‌ నగరంలో, పోలండ్ వీధిలోని ఒక ఇంట్లో, ముప్పయ్యేళ్ళ చెక్కడపు పనివాడొకడు అరచేతిలో ఇమిడే రాగిరేకును ఎదుట ఉంచుకొని దానిమీద అక్షరాలు రాస్తున్నాడు. సిరాకు బదులు అతడు వాడుతున్నది ఆమ్లానికి లొంగని వార్నిషు. రాత కుడినుంచి ఎడమకు సాగుతున్నది. అద్దంలో కనిపించే విధంగా ప్రతి అక్షరమూ తిరగబడి ఉన్నది. కాగితంమీద అచ్చుపడిన తరువాతగాని అది చదవటానికి వీలుకాదు.

ఆ పనివాడు విలియం బ్లేక్. మన కళాశాలల్లో ఆంగ్ల సాహిత్యం చదివినవారందరికీ అతడు ‘పులి’ని గురించి పద్యం రాసిన కవిగా సుపరిచితుడు. ఆనాడు మాత్రం ఇతరుల బొమ్మలను రాగిమీదికి ఎక్కించి పొట్టపోసుకొనే వృత్తి కళాకారుడు. తండ్రి మేజోళ్ళ వ్యాపారి. 1772లో, పద్నాలుగో ఏట, జేమ్స్ బసైర్ అనే చెక్కడపు పనివాని వద్ద శిష్యరికానికి చేరి ఏడేళ్ళు ఆ విద్య నేర్చాడు.

ఆ రోజుల్లో బొమ్మల పుస్తకం వెలువడాలంటే అది ఎన్నో చేతులు మారవలసి వచ్చేది. కవి రాసిన మాటలను అచ్చుకూటంలో సీసపు అక్షరాలతో కూర్చేవారు. చిత్రకారుడు గీసిన బొమ్మను మరొకడు రాగిమీద గాడులుగా చెక్కేవాడు. ఆ గాడుల్లో సిరా నింపి, బలమైన రోలర్ల నడుమ ఒత్తి అచ్చుతీయటం ఇంకొకరి పని. వీరందరికీ పెట్టుబడి పెట్టేవాడు పుస్తక వ్యాపారి. అతనికి నచ్చకపోతే కవిత్వం పెట్టెలో ఉండవలసిందే. 1783లో బ్లేక్ తొలి కవితా సంపుటిని మిత్రులు తమ ఖర్చుతో అచ్చువేయించారు. అది అంగడి ముఖం చూడలేదు.

అప్పుడు బ్లేక్ ఒక పంతం పట్టాడు. మొదటి మాటనుంచి చివరి కుట్టువరకు తన పుస్తకం తన ఇంట్లోనే తయారుకావాలి. అక్షరమూ బొమ్మా ఒకే రేకుమీద, ఒకే చేతి కింద పుట్టాలి. దానికి మార్గమేమిటి? 1787లో మరణించిన తమ్ముడు రాబర్ట్ తనకు కనిపించి ఆ రహస్యం చెప్పాడని బ్లేక్ చెప్పుకొనేవాడు. చేతిలో మిగిలిన అర కిరీటం నాణెంలో ఒక షిల్లింగు పది పెన్నీలు వెచ్చించి భార్య కేథరిన్ కావలసిన సరుకులు కొనుక్కొచ్చిందని, 1863లో వెలువడిన అతని జీవితచరిత్రలో గిల్‌క్రిస్ట్ రాశాడు.

బ్లేక్ పద్ధతి అలవాటైన చెక్కడాన్ని తలకిందులు చేసింది. వార్నిషుతో రాసిన రేకును ఆమ్లంలో ఉంచితే ఖాళీగా ఉన్న రాగి కొంత తినిపోయి, రాతా గీతా మాత్రం ఉబ్బెత్తుగా నిలుస్తాయి. మచిలీపట్నం అద్దకపు చెక్క అచ్చును చూసినవారికి సూత్రం వెంటనే బోధపడుతుంది. అయితే చెక్క అచ్చులో పల్లం లోతుగా ఉంటుంది. ఇక్కడ అది అతి స్వల్పం. తోలు ఉండతో సిరాను తేలికగా తట్టాలి. పల్లంలోకి దిగిన మరకలను తుడిచివేయాలి. అచ్చుయంత్రాన్ని సున్నితంగా తిప్పాలి. ఏమాత్రం తొందరపడినా కాగితం పాడవుతుంది.

1789లో ‘సాంగ్స్ ఆఫ్ ఇన్నొసెన్స్’ ఇట్లా వెలసింది. పెళ్ళినాడు రిజిస్టరులో సంతకానికి బదులు అడ్డగీతల గుర్తు వేసిన కేథరిన్, భర్తవద్ద చదువూ రాతా నేర్చి, అచ్చుతీయటంలోనూ రంగులద్దటంలోనూ సిద్ధహస్తురాలయింది. పుటలకు రంధ్రాలు చేసి దారంతో కుట్టినదీ ఆమెయే. రాగి ఖరీదైనది గనుక, 1794నాటి ‘సాంగ్స్ ఆఫ్ ఎక్స్‌పీరియన్స్’ పుటల్లో చాలావాటిని పాత రేకుల వెనుకవైపునే చేశారు. పసితనపు పాటకు వెనుక అనుభవపు చేదు! ఇది పొదుపువల్ల కలిగిన శ్లేష.

1793 అక్టోబరులో బ్లేక్ ఒక ప్రకటన వెలువరించాడు. తమ రచనలను తామే ప్రచురించుకొనే సాధనం లేకనే కవులూ కళాకారులూ దారిద్ర్యంలో మగ్గుతున్నారనీ, తన పద్ధతిలో ఖర్చు నాలుగో వంతుకన్న తక్కువేననీ అందులో చెప్పాడు. ‘ఇన్నొసెన్స్’ వెల 5 షిల్లింగులు. ఈ లెక్కలో ఒకటే పొరపాటు: తన కాలానికి అతడు వెల కట్టుకోలేదు. ఒక్కొక్క పుటను చేతితో అచ్చుతీసి, ఒక్కొక్కదానికి వేరుగా రంగులు వేస్తే ఏ రెండు ప్రతులూ ఒకటిగా ఉండవు. ఎక్కువ ప్రతులు రావటమూ అసంభవం. 1818 నాటికి అదే పుస్తకానికి 3 గినీలు, అనగా 63 షిల్లింగులు, అడిగాడు. అప్పటికీ కొనేవారు కొద్దిమందే.

పంతం పరాకాష్ఠకు చేరినది ‘జెరూసలెం’ కావ్యంలో. నూరు రేకులు. ముఖపత్రంపై 1804 అని ఉన్నా, ముగిసేసరికి 1820 అయింది. ఈ మధ్య, 1809లో, అన్నగారి మేజోళ్ళ దుకాణంలో బ్లేక్ ఒక చిత్రప్రదర్శన పెట్టాడు. దాన్ని సమీక్షించిన ఏకైక పత్రిక అతడు పిచ్చివాడని తేల్చింది. ‘జెరూసలెం’ ఆరంభంలో పాఠకుణ్ణి సంబోధించే పుట ఒకటుంది. ఆత్మీయతతో రాసుకొన్న మాటలను బ్లేక్ తరువాత రేకుమీదనే పెకలించివేశాడు. అచ్చులో ఆ చోట్ల వాక్యం నడుమ ఖాళీలు మిగిలాయి. చేతిరాతలో కొట్టివేత సామాన్యం. రాగిలో అది గాయం.

ఆ కావ్యం మొత్తానికి రంగులు వేసిన ప్రతి ఒక్కటే. అచ్చుతీయాలంటే తన కాలమే 20 గినీలవుతుందనీ, ఒకటి పూర్తిచేశాననీ, దానికి కొనుగోలుదారు దొరకటం అనుమానమేననీ 1827 ఏప్రిల్లో అతడొక మిత్రునికి రాశాడు. ముప్పై నాలుగేళ్ళ కిందటి ప్రకటనలో లేని ఖర్చు ఎట్టకేలకు లెక్కలోకి వచ్చింది. ఆ ఆగస్టు 12న బ్లేక్ కన్నుమూశాడు. పుస్తకం అమ్ముడుపోకుండానే కేథరిన్ వద్ద మిగిలింది. అది ఇప్పుడు అమెరికాలో, యేల్ విశ్వవిద్యాలయపు కళాసంగ్రహంలో ఉన్నది.

రేకులు మాత్రం నిలవలేదు. అన్నిటిలో మిగిలినది ‘అమెరికా’ అనే కావ్యంకోసం చేసి, పనికిరాదని పక్కన పెట్టిన రేకు తాలూకు ఒక ముక్క. ఆ చిన్న రాగితునక ఇప్పుడు వాషింగ్టన్‌లో ఉన్నది. ఆమ్లం ఎంత లోతు తిన్నదో పరిశోధకులు దానిమీదనే కొలిచి చూశారు.