పాత కారు రేడియోలోని రొద



మా యింట నొక పాత అంబాసిడరు పెట్రోలు కారు కలదు. ఆ కార్ల తయారీ 2014వ సంవత్సరమున నిలిచిపోయినది. క్రిందటి వేసవిలో దాని రేడియోనుండి కీచుమను కూత వెడలసాగెను. మరమ్మతుదారుడు క్రొత్త రేడియో కొనుమనెను. కొనుటకు ముందు నేను చెవియొగ్గి వింటిని.

ఇంజను ఆపి రేడియో మాత్రము పెట్టితిని, రొద లేదు. ఇక రేడియోను తప్పుపట్టుట యెట్లు? ఇంజను వడి హెచ్చినకొలది సన్నని కూతయు హెచ్చినచో, అది విద్యుత్తు పుట్టించు యంత్రమునుండి వచ్చునది. టకటకలాడినచో స్పార్కు ప్లగ్గుల నిప్పురవ్వలది. డీసెలు ఇంజనున రవ్వయే లేదు గనుక ఆ టకటక యుండదు. ఏరియలు తీగ ఊడదీసినంతనే రొద ఆగెనా, అది ఏరియలు దారిని వచ్చినది. రేడియో ధ్వనిని పూర్తిగ తగ్గించినను కూత వినవచ్చెనా, అది విద్యుత్తు తీగల వెంటనో, ఎర్తు లోపముననో చేరినది.

మాకు సంభవించినది ఈ కడపటిదే. విద్యుత్తు బ్యాటరీకి మరలిపోవు త్రోవ కారు ఇనుప శరీరమే. ఇంజనును దానితో కలుపు పట్టీ కొన తుప్పుపట్టియుండెను. బ్యాటరీ తీగ విప్పి, గరుకు కాగితముతో తుప్పు రుద్ది, మర బిగించితిని. కూత పోయెను. అంతియ కాదు, నెలల తరబడి మొరాయించుచున్న సెల్ఫు సైతము మొదటిమారే అందుకొనెను. మరమ్మతుదారుని మాట వినియుండినచో, క్రొత్త రేడియో పాడుచుండగనే ఏ అర్ధరాత్రియో ఊరి పొలిమేరలో నిలిచిపోయెడివారము.