చదువుకు తోడు చేతిపని

జయశంకర్ భూపాలపల్లి జిల్లా చెల్పూరులోని కాకతీయ థర్మల్ విద్యుత్ కేంద్రం 1100 మెగావాట్ల సామర్థ్యం గలది. అక్కడి యంత్రాలకైనా, సింగరేణి గనుల మోటార్లకైనా, మన ఇంటి తీగలకైనా నైపుణ్యం గల ఎలక్ట్రీషియన్ అవసరం. పదవ తరగతి ఉత్తీర్ణులైనవారు ఐ.టి.ఐ.లో రెండు సంవత్సరాలు ఈ వృత్తిని అభ్యసించవచ్చు. అయితే విద్యుత్తు కంటికి కనబడదు, పొరపాటును మన్నించదు. సరఫరాను నిలిపివేసి, తీగలో విద్యుత్తు లేదని పరీక్షించి, ఎర్తింగు చేసిన పిదపనే లైనుపై పని ప్రారంభించాలి. ఈ క్రమం చదివితే తెలుస్తుంది గాని, అనుభవజ్ఞుల పర్యవేక్షణలో పలుమార్లు చేస్తేనే అలవడుతుంది. అందుకే 1961 నాటి అప్రెంటిస్ చట్టం పరిశ్రమలలో స్టైపెండుతో కూడిన శిక్షణకు అవకాశం కల్పించింది. శిక్షణానంతరం పరీక్షలో ఉత్తీర్ణులైనవారు జాతీయ అప్రెంటిస్‌షిప్ ధ్రువపత్రం పొందుతారు. దానితోపాటు అలవడిన జాగ్రత్త వారిని జీవితాంతం కాపాడుతుంది.