సోపాన చిత్రము: ఎత్తు, వైశాల్యము

సూళ్ళూరుపేటకు తూర్పున, పులికాటు సరస్సుకును బంగాళాఖాతమునకును నడుమ శ్రీహరికోట దీవి ఉన్నది. ఉపగ్రహమును మోసికొనిపోవు రాకెట్టును అచ్చట తొలిసారిగా 1979 ఆగస్టు 10న ప్రయోగించిరి. ఆ ప్రయత్నము విఫలమైనది. మరుసటి సంవత్సరము జులై 18న రోహిణి ఉపగ్రహము కక్ష్యను చేరినది. 1979 మొదలు 2010 చివరివరకు, జయాపజయములతో నిమిత్తము లేక, అచ్చటినుండి జరిగిన ఇట్టి ప్రయోగములు 32. వీనిని నాలుగు తరగతులుగా విభజింపవచ్చును.

1979–1990 (12 సంవత్సరములు): 6
1991–2000 (10 సంవత్సరములు): 7
2001–2005 (5 సంవత్సరములు): 7
2006–2010 (5 సంవత్సరములు): 12

ఈ ప్రయోగముల సంఖ్యలే పౌనఃపున్యములు. వీనినే ఎత్తులుగా తీసికొని దీర్ఘచతురస్రములు గీసినచో ఏమగును? మొదటిదాని వైశాల్యము 12 × 6 = 72; చివరిదానిది 5 × 12 = 60. ఆరు ప్రయోగములు జరిగిన కాలము, పండ్రెండు జరిగిన కాలముకంటె పెద్దదిగా కంటికి తోచును! అంకెలలో తప్పు లేదు. తప్పు పటములో ఉన్నది.

తరగతుల అంతరములు సమానముగా లేకపోవుటయే దీనికి కారణము. సోపాన చిత్రములో పౌనఃపున్యమును తెలుపునది ఎత్తు కాదు, వైశాల్యము. కావున పౌనఃపున్యమును తరగతి అంతరముచే భాగించి, వచ్చిన ఫలితమును ఎత్తుగా తీసికొనవలెను. దీనికే పౌనఃపున్య సాంద్రత అని పేరు. ఇచ్చట అది సంవత్సరమునకు సగటున ఎన్ని ప్రయోగములు జరిగినవో తెలుపును. నాలుగు తరగతుల సాంద్రతలు వరుసగా 0.5, 0.7, 1.4, 2.4. రెండవ, మూడవ తరగతులలో ప్రయోగములు సమానమే. కాని అవే ఏడు ప్రయోగములు సగము కాలములో జరిగినందున సాంద్రత రెట్టింపైనది. శ్రీహరికోట సాధించిన వేగము ఇప్పుడు పటములో స్పష్టముగా కానవచ్చును.

పటమును చదువునప్పుడు విలోమక్రియ చేయవలెను. మూడవ దీర్ఘచతురస్రపు ఎత్తు 1.4, వెడల్పు 5, పౌనఃపున్యము 1.4 × 5 = 7. ఎత్తును చూచి ప్రయోగములు 1.4 అనుట విద్యార్థులు తరచుగా చేయు పొరపాటు. వైశాల్యములన్నిటిని కూడినచో 6 + 7 + 7 + 12 = 32 రావలెను. ఇదియే సరిచూచుకొను మార్గము.

తరగతిలో కొంత భాగమునకు మాత్రమే లెక్క కావలసినచో? 2001 నుండి 2003 వరకు మూడేండ్లకు 1.4 × 3 = 4.2, అనగా సుమారు నాలుగు. నిజముగా జరిగినవి ఐదు. సాంద్రత తరగతి మొత్తమునకు సగటు మాత్రమే. ప్రయోగములు ప్రతి సంవత్సరము సమానముగా జరుగవు. కావున ఇట్టి ఫలితమును అంచనాగానే గ్రహింపవలెను.

ఏ సోపాన చిత్రము ఎదుటికి వచ్చినను, ముందుగా నిలువు అక్షముపై ఏమి వ్రాసియున్నదో చూచుట విద్యార్థులకు అలవాటు కావలెను.