పిల్లల పుట్టినరోజు వేడుకలు – మితవ్యయ మార్గం

సంతానం అల్లాహ్ ప్రసాదించిన అనుగ్రహం. ఆ అనుగ్రహానికి సంతోషించడం, ఆ సంతోషాన్ని బంధుమిత్రులతో, ఇరుగుపొరుగుతో పంచుకోవడం మానవ సహజం. ఇస్లాం ఈ సంతోషాన్ని అణచివేయలేదు. దానికొక పద్ధతిని నేర్పింది, ఒక హద్దును నిర్ణయించింది. కాని నేడు అనేక ముస్లిం కుటుంబాలలో పిల్లల పుట్టినరోజు విందు ఒక చిన్న పెళ్ళి ఖర్చుకు సమానంగా పరిణమించింది. హాలు అద్దె, అలంకరణ, అంతస్తుల కేకు, బిర్యానీ, ఫోటోలు, వీడియోలు, వచ్చిన ప్రతి పిల్లవాడికీ తిరుగు కానుక – ఇలా ఒకదాని వెంట ఒకటిగా ఖర్చులు పుట్టుకొస్తున్నాయి. కలిగినవారి ఇంట ఇది వినోదం కావచ్చు. ఆటో నడుపుకునేవాడు, దర్జీ, చిన్న దుకాణదారుడు వారిని చూసి అదే బాట పట్టినప్పుడు మాత్రం ఆ కుటుంబానికి అది ఏడాది పొడవునా మోయవలసిన బరువవుతుంది.

కాబట్టి ఈ వేడుక పుట్టుపూర్వోత్తరాలేమిటి, దీనిలో ఖర్చు ఎక్కడ పెరుగుతుంది, దానిని ఎలా అదుపులో ఉంచుకోవచ్చు అనే విషయాలను పరిశీలించవలసిన అవసరం ఎంతైనా ఉన్నది.

రెండు అభిప్రాయాలు – ఒకే హద్దు

పుట్టినరోజు జరుపుకోవడం గురించి ధర్మపండితులలో రెండు అభిప్రాయాలున్నాయి. దైవప్రవక్త (సల్లల్లాహు అలైహి వసల్లం) గాని, సహాబీలు గాని పిల్లలకు ఏటేటా పుట్టినరోజులు జరిపిన దాఖలా లేదు గనుక, ఇది ఇతరుల అనుకరణ గనుక దీనిని విడనాడాలని ఒక వర్గం వారంటారు. దీనిని ఆరాధనగా భావించనంతవరకు, నిషిద్ధమైన పనులేవీ కలవనంతవరకు ఇది కేవలం లోకాచారానికి సంబంధించిన విషయమని మరో వర్గం వారంటారు. ఏ అభిప్రాయాన్ని అనుసరించాలో ప్రతి కుటుంబమూ తాను విశ్వసించే ఆలిములను అడిగి తెలుసుకోవచ్చు.

అయితే ఒక విషయంలో ఈ రెండు వర్గాలకూ భేదం లేదు. అది ఇస్రాఫ్, అంటే దుబారా, నిషిద్ధమన్న విషయం. తినమని, తాగమని అనుమతించిన దివ్య ఖుర్ఆన్ ఆ వెంటనే మితిమీరవద్దని హెచ్చరించింది (అల్ ఆరాఫ్: 31). వృథాగా ఖర్చు చేసేవారిని షైతానుల సోదరులతో పోల్చింది (బనీ ఇస్రాయీల్: 27). పిసినారితనానికీ దుబారాకూ నడుమ ఉండే మధ్యేమార్గాన్ని కరుణామయుని దాసుల లక్షణంగా పేర్కొన్నది (అల్ ఫుర్ఖాన్: 67). అంటే వేడుక ధర్మసమ్మతమని ఒప్పుకున్నవారికి సైతం దుబారా ధర్మసమ్మతం కాజాలదు.

దారంలో ముడి

ఉర్దూలో పుట్టినరోజును ‘సాల్‌గిరా’ అంటారు. ‘సాల్’ అంటే సంవత్సరం, ‘గిరహ్’ అంటే ముడి. పూర్వం పిల్లల పేర ఒక దారాన్ని దాచి ఉంచి, ఏడాదికొక ముడి వేసేవారు. ఎన్ని ముడులుంటే అన్నేళ్ళ వయస్సు. జనన ధ్రువపత్రాలు లేని కాలంలో ఆ దారమే ఇంటి రికార్డు. ఏలూరు ప్రాంతంలో జన్మించిన జాఫర్ షరీఫ్ దక్కను ముస్లింల ఆచారాలను వివరిస్తూ రచించిన ‘ఖానూనె ఇస్లాం’ 1832లో ఇంగ్లీషులో వెలువడింది. ఛట్టీ, చిల్లా, అఖీఖా, బిస్మిల్లా మొదలైన వాటితోపాటు ఈ సాల్‌గిరా ప్రస్తావన కూడా అందులో ఉన్నది. ఈ ముడికి కావలసినది మూరెడు దారం మాత్రమే!

మరోవైపు రాజప్రాసాదాలలో ఇదే రోజు మహా ఆర్భాటంగా జరిగేది. మొగలు చక్రవర్తులు సౌరమానం ప్రకారం ఒకసారి, చాంద్రమానం ప్రకారం మరోసారి తమ పుట్టినరోజున తక్కెడలో కూర్చునేవారు. బంగారం మొదలుకొని పట్టు, పరిమళ ద్రవ్యాలు, ధాన్యం వరకు పలు వస్తువులతో వారిని తూచేవారు. రాకుమారులను రెండవ ఏట నుంచి తూచడం ఆరంభించి, ఏడాదికొక వస్తువును పెంచుకుంటూ పోయేవారని అక్బరు కాలపు ‘ఆయినె అక్బరీ’ తెలుపుతున్నది. జహంగీరు తులాభారాన్ని ఇంగ్లీషు రాయబారి థామస్ రో 1617లో కళ్ళారా చూశాడు. ఔరంగజేబు ఈ ఆచారాన్ని తన విషయంలో నిలిపివేశాడు. తూచిన సొమ్మును దానం చేయడం ఇందులోని మంచి. కాని దాని వెనుక ఉన్నది రాజవైభవ ప్రదర్శనే.

ఇక కేకు, దానిపై కొవ్వొత్తులు 18వ శతాబ్దపు జర్మనీ పిల్లల వేడుకలలో కనిపించిన ఆచారం. అది యూరపు అంతటా వ్యాపించి, ఆంగ్లేయుల ద్వారా, పాఠశాలల ద్వారా, ఆ తర్వాత సినిమాల ద్వారా ఇక్కడికి చేరింది. నేటి విందులో కేకు యూరపుది, ఆర్భాటం దర్బారుది. ఇంటి దారపు ముడి మాత్రం కనుమరుగైంది.

వెంట్రుకల తూకం

శిశు జననానికి సంబంధించి సున్నత్ నేర్పే పద్ధతి మరొకటి ఉన్నది. అది అఖీఖా. ఏడవ రోజున మగశిశువుకు రెండు, ఆడశిశువుకు ఒకటి చొప్పున మేకను గాని గొర్రెను గాని జిబహ్ చేసి, మాంసాన్ని తాము తిని, బంధువులకు, బీదలకు పంచాలి. అంతేకాదు, శిశువు తల వెంట్రుకలు తీయించి వాటి బరువుకు సమానమైన వెండిని దానం చేయమని దైవప్రవక్త (స) తమ కుమార్తె హజ్రత్ ఫాతిమా (ర)కు, హజ్రత్ హసన్ (ర) జన్మించినప్పుడు చెప్పినట్లు హదీసులో వచ్చింది. ఆ వెంట్రుకలు ఒక దిర్హము బరువో, అంతకు కొంచెం తక్కువో తూగాయని తిర్మిజీ ఉల్లేఖనం. దిర్హము అంటే సుమారు 3 గ్రాముల వెండి.

ఈ రెండు తూకాలనూ పక్కపక్కన పెట్టి ఆలోచించాలి. ఒక పక్క చక్రవర్తి శరీరమంతటికీ సమానమైన బంగారం, మరోపక్క పసికందు వెంట్రుకలకు సమానమైన వెండి. మొదటిది ఏ సామాన్యునికీ సాధ్యం కాదు. రెండవది కూలి చేసుకునే తండ్రికి కూడా భారం కాదు. ఈ దానంలో అసలు భావం కృతజ్ఞత. దానికి బంగారు రాశులు అవసరం లేదు.

ఇంకొక ముఖ్యాంశం గమనించదగినది. అఖీఖా సైతం స్తోమతను బట్టియే. అధిక సంఖ్యాకులైన ఇమాములు దానిని సున్నత్ అన్నారు, హనఫీ పండితులు ముస్తహబ్ అన్నారు. రెండు జంతువుల స్తోమత లేనివారు మగశిశువుకు ఒకదానితో సరిపెట్టుకోవచ్చు. ఏడవ రోజున వీలుకానివారు ఆ తర్వాత చేయవచ్చు. బొత్తిగా స్తోమత లేనివారిపై దోషం లేదు. ధర్మం నేర్పిన కార్యంలోనే ఇంత సడలింపు ఉండగా, లోకం కల్పించిన ఆచారం కోసం అప్పు చేయక తప్పదని ఎవరు విధించారు? డబ్బు లేదని అఖీఖాను వాయిదా వేసి, అదే బిడ్డ మొదటి పుట్టినరోజుకు హాలు మాట్లాడుకునే కుటుంబాలు ఈ ప్రశ్న తమను తాము వేసుకోవాలి.

ఖర్చు ఎక్కడ పెరుగుతుంది?

ఒక ఉదాహరణ తీసుకుందాం. నెలకు 25,000 రూపాయలు సంపాదించే ఒక గృహస్థుడు తన కుమారుని మొదటి పుట్టినరోజుకు 120 మందిని పిలిచాడనుకుందాం. మనిషికి 300 చొప్పున భోజనాలకు 36,000, హాలు, అలంకరణకు 12,000, ఫోటోలు, వీడియోకు 6,000, కేకుకు 2,000, 40 మంది పిల్లలకు 100 చొప్పున తిరుగు కానుకలకు 4,000. మొత్తం 60,000 రూపాయలు. అంటే రెండు నెలల పై చిలుకు సంపాదన ఒక్క సాయంత్రం హరించుకుపోయింది.

ఈ లెక్కలో భోజనాలు, తిరుగు కానుకలు కలిపి 40,000. ఇవి నేరుగా అతిథుల సంఖ్యను బట్టి పెరిగేవి. హాలు కూడా అంతమంది ఇంట్లో పట్టరు గనుకనే అవసరమైంది. కాబట్టి అసలు ఖర్చు కేకులో లేదు, బిర్యానీలో లేదు. అది అతిథుల జాబితాలో ఉన్నది. కేకు సైజు తగ్గించి, ఒక వంటకం మానేసి పొదుపు చేశామనుకునేవారు కొమ్మలు నరికి వేరును వదిలినట్లే. జాబితా వ్రాసేనాడే ఖర్చు నిర్ణయమైపోతుంది.

ఇక చేతిలో లేని సొమ్ములో 40,000 రూపాయలు నూటికి నెలకు మూడు రూపాయల వడ్డీకి తెచ్చాడనుకుంటే, నెలకు 1,200, ఏడాదికి 14,400 రూపాయలు వడ్డీకే పోతాయి. పిల్లవాని రెండవ పుట్టినరోజు వచ్చేసరికి అసలు మాత్రం అలాగే నిలిచి ఉంటుంది. పైగా వడ్డీ హరామ్. దాని బదులు నగలు తాకట్టు పెట్టినా, క్రెడిట్ కార్డు మీద గీకినా వచ్చే ఫలితం ఇదే. దైవప్రవక్త (స) రుణభారం నుండి అల్లాహ్ శరణు వేడుకునేవారు. కొద్ది దీనార్ల అప్పు మిగిల్చి చనిపోయిన ఒక వ్యక్తి జనాజా నమాజును, ఆ అప్పును ఒక సహాబీ తనపై వేసుకునే వరకు వారు చేయించలేదు. అవసరానికి చేసిన అప్పు విషయమే అంత గంభీరమైనప్పుడు, ఆర్భాటానికి చేసిన అప్పు సంగతి వేరుగా చెప్పనక్కరలేదు.

చదివింపుల లెక్క

“వాళ్ళ పిల్లవాని విందుకు మనం వెళ్ళి ఇచ్చి వచ్చాము, ఇప్పుడు పిలవకుంటే ఎలా?” అన్నది తరచుగా వినిపించే మాట. కొన్ని ఇళ్ళలో ఎవరెంత చదివించారో నోటు పుస్తకంలో వ్రాసుకుని, అంతకు తక్కువ కాకుండా తిరిగి ఇస్తారు. మౌలానా అష్రఫ్ అలీ థానవీ (1863–1943) ఇటువంటి ఆచారాలను విమర్శిస్తూ, తిరిగి రావాలనే లెక్కతో ఇచ్చేది కానుక కాదు, అప్పు వంటిదేనని వివరించారు. నిజమే, కానుక ప్రేమను పెంచాలి. ఇక్కడ అది తీర్చవలసిన బాకీ అవుతున్నది. పేద బంధువు ఆ బాకీకి భయపడి ఏదో ఒక సాకు చెప్పి రావడమే మానుకుంటాడు. సంపన్నులను పిలిచి పేదలను విస్మరించే విందు విందులలో అధమమైనదని హదీసు హెచ్చరించింది. ఖరీదైన పుట్టినరోజు విందు పేదవానిని పిలిచి కూడా దూరం చేస్తుంది.

దీనికి విరుగుడు చిన్నది. పిలిచేటప్పుడే కానుకలు తేవద్దని, పిల్లవానికి దుఆ చేస్తే చాలని స్పష్టంగా చెప్పాలి. తిరుగు కానుకల ఆచారాన్ని ఒక ఇల్లు మానితే పక్క ఇంటికి మానే ధైర్యం వస్తుంది.

ఆచరణకు కొన్ని సూచనలు

వేడుక చేయదలచిన కుటుంబాలు ఈ క్రింది విషయాలను పాటిస్తే ఖర్చు తాహతుకు లోబడి ఉంటుంది.

మొదటిది, ముందు సొమ్ము నిర్ణయించి తర్వాత జాబితా వ్రాయాలి. నెలకు 200 రూపాయలు ఒక డబ్బాలో వేస్తే ఏడాదికి 2,400 అవుతాయి. ఆ డబ్బాలో ఉన్నదే హద్దు.

రెండవది, పిల్లవాని వయస్సును బట్టి అతని స్నేహితులను పిలవాలి. ఐదేళ్ళ పిల్లవానికి ఆరేడుగురు నేస్తాలు చాలు. నానీ, దాదీ, మామూ, ఫూఫీలు కలిసినా మొత్తం ఇరవై మంది మించరు. వారికి ఇల్లే సరిపోతుంది.

మూడవది, అస్ర్ నమాజు తర్వాత పిలిచి మగ్రిబ్ లోపు ముగించాలి. ఆ వేళ ఎవరూ భోజనం ఆశించరు. మగ్రిబ్ అజాన్ కాగానే సభ తనంతట తానే ముగుస్తుంది. వేళ మారితే బిర్యానీ దేగ్చా అవసరమే ఉండదు.

నాలుగవది, తినుబండారాలు ఇంట్లోనే వండుకోవాలి. ఉడికించిన శనగలు, గుల్‌గులే, సేమ్యా ఖీర్, డబల్ కా మీఠా పిల్లలు ఇష్టంగా తింటారు. మనిషికి 60 చొప్పున ఇరవై మందికి 1,200; ఒక చిన్న కేకుకో, మరో మీఠాకో 500; ఆటల బహుమతులుగా పుస్తకాలకు, పెన్సిళ్ళకు 300; పేద పిల్లల కోసం 400. వెరసి 2,400. డబ్బాలోని సొమ్ము సరిపోయింది, ఒకరి ముందు చేయి చాచే అవసరం లేదు.

ఐదవది, పేదల వాటాను చివర మిగిలిన దానిలోంచి కాక మొదటే తీసి పక్కన పెట్టాలి. దానిని పిల్లవాని చేతులతోనే ఇప్పించాలి.

నాలుగేళ్ళ నాలుగు నెలల నాలుగు రోజులకు జరిపే బిస్మిల్లా వేడుకకు కూడా ఈ సూచనలే వర్తిస్తాయి. ఆ లెక్కకు ధర్మశాస్త్రంలో ఆధారం లేదు. అక్షరాభ్యాసమే అసలు ఉద్దేశం గనుక పలక, ఖాయిదా, కొద్దిగా మిఠాయి దానికి చాలు.

పిల్లవాడు నేర్చుకునే పాఠం

మొదటి పుట్టినరోజు ఆర్భాటం ఆ బిడ్డకు ఏమాత్రం జ్ఞాపకం ఉండదు. అది పెద్దల కోసం పెద్దలు చేసుకునే వేడుక. కాస్త ఊహ తెలిసిన తర్వాత మాత్రం పిల్లలు ప్రతిదీ గమనిస్తారు. తన విందును ఇతరుల విందుతో పోల్చడం, కానుక ధరను బట్టి స్నేహితుని విలువ కట్టడం వారికి పుట్టుకతో వచ్చే గుణాలు కావు. ఇంట్లో పెద్దల మాటల నుంచి అలవడేవే. అలాగే ఇద్దరు పిల్లలున్న ఇంట కొడుకుకు హాలులో, కూతురుకు ఇంట్లో విందు చేస్తే ఆ తేడా చిన్న మనస్సులో ముల్లులా నిలిచిపోతుంది. కానుకల విషయంలో సంతానం మధ్య న్యాయం పాటించమని దైవప్రవక్త (స) ఆదేశించిన సంగతి మరువరాదు.

“ఎందుకు ఇంత చిన్నగా చేశాము?” అని పిల్లవాడు అడిగితే తల్లిదండ్రులు సిగ్గుపడనక్కరలేదు. “ఇది మన కష్టార్జితం, ఇందులో నీ బడి ఫీజు కూడా ఉన్నది, పేదల వాటా కూడా ఉన్నది” అని చెప్పగలిగితే ఆ మాట ఏ ఖరీదైన కానుకకూ తీసిపోదు. దుప్పటి ఉన్నంతవరకే కాళ్ళు చాచాలన్నది పెద్దల మాట. ఆ మాటను నోటితో చెప్పడం కన్నా ఏడాదికొకసారి ఆచరించి చూపడం వలన పిల్లలకు బాగా అర్థమవుతుంది.

కలిగినవారి బాధ్యత ఇందులో మరింత అధికం. వారు స్తోమత ఉండి కూడా నిరాడంబరంగా చేస్తే మొహల్లాలోని పేదవానికి అది గొప్ప ఊరట. అతడు తన బిడ్డ ముందు చిన్నబోకుండా, అప్పులవాని ముందు తలవంచకుండా బ్రతకగలుగుతాడు. అల్లాహ్ ముస్లిం కుటుంబాలకు మధ్యేమార్గంలో నడిచే సద్బుద్ధిని ప్రసాదించుగాక! ఆమీన్.