ఇంటి పిల్లి ఎదురు తిరిగితే..?

వడ్లు, అపరాలు నిల్వచేసే రైతు ఇంట్లో పిల్లి ఉండటం మామూలే. ఎలుకల బాధ తప్పుతుందని పెంచుతారు. పిల్లలు ఒళ్లో కూర్చోబెట్టుకుని ఆడుకుంటారు. అలాంటి పిల్లి ఒకరోజు ఉన్నట్టుండి బుసకొడుతూ మీదకు దూకుతుంది. పాలు పోయబోయిన ఇల్లాలి చెయ్యి కరుస్తుంది. లేదా పక్కనుంచి నడిచి వెళ్తున్న పిల్లవాడి కాలు పట్టుకుని రక్కుతుంది. అప్పుడు చాలా ఇళ్లలో జరిగేది ఒకటే. ముందు కర్ర తీసుకుని తరుముతారు. సాయంత్రానికి గోనెసంచిలో మూటగట్టి ఊరవతల కాలవ గట్టున వదిలేసి వస్తారు. పీడ విరగడైందనుకుంటారు.

నిజానికి పీడ విరగడ కాదు. కరిచిన పిల్లి కళ్ల ముందు ఉంటే, కరిచిననాటికి అది రేబిస్ (పిచ్చి) అంటించే స్థితిలో ఉందో లేదో పది రోజుల్లో తేలిపోతుంది. ఎక్కడో వదిలేస్తే ఆ సంగతి తెలుసుకునే దారే మూసుకుపోతుంది. అదీగాక, ఎదురు తిరిగిన ప్రతి పిల్లీ పిచ్చిది కాదు. నొప్పి, భయం, విషం, పక్కింటి గండుపిల్లి... ఇలా కారణాలు చాలా ఉంటాయి. వాటిలో ఎక్కువ భాగం సరిచేయగలిగినవే. అందువల్ల కొట్టడం, చంపడం, వదిలేయడం ఈ మూడూ పనికిరావు. మరేం చేయాలో వరుసగా చూద్దాం.

ముందు మనుషుల్ని తప్పించండి

పిల్లి మీదపడే ముందు సాధారణంగా హెచ్చరిస్తుంది. చెవులు వెనక్కి అణుచుకుంటుంది. తోకను అటూ ఇటూ విసురుగా కొడుతుంది. వెంట్రుకలు నిక్కబొడుచుకుంటాయి. కంటిపాపలు పెద్దవవుతాయి. ఈ గుర్తులు కనిపిస్తే అక్కడే ఆగిపోవాలి. చెయ్యి చాచకూడదు, అరవకూడదు, కళ్లలోకి సూటిగా చూడకూడదు. మెల్లగా వెనక్కి జరగాలి. పిల్లల్ని, ముసలివాళ్లను వేరే గదిలోకి పంపాలి.

పిల్లిని గదిలో పెట్టి కొడితే పులవుతుందని పెద్దలు ఊరికే అనలేదు. మూలకు తరిమితే దానికి కరవడం తప్ప వేరే దారి ఉండదు. అది ఏ గదిలో ఉంటే ఆ గది తలుపు మూసి కాసేపు వదిలేయడమే మంచిది.

పట్టుకోవాల్సే వస్తే ఒట్టి చేతులతో పట్టుకోవద్దు. మందపాటి దుప్పటి మీద కప్పాలి. లేదా కోళ్లను కమ్మే గంప దాని మీద బోర్లించి, అడుగునుంచి పలుచని చెక్క జరిపితే సరిపోతుంది. తర్వాత దాన్ని ఖాళీ గదిలో ఉంచి నీళ్లు, మేత, ఒక తట్టలో ఇసుకో బూడిదో పెట్టాలి.

కరిస్తే, రక్కితే

పిల్లి కోరలు సూదుల్లా సన్నగా ఉంటాయి. కరిచిన చోట పైకి చిన్న చుక్కే కనిపిస్తుంది గానీ లోపలికి బాగా దిగుతుంది. పైన పూడిపోయి లోపల చీము పడుతుంది. ఒక రోజు తిరక్కుండానే చెయ్యి వాచి, ఎర్రబడి, సలుపు రావచ్చు. వేళ్ల కణుపుల మీద కరిస్తే ఇంకా జాగ్రత్తగా ఉండాలి. 'పిల్లి గాటేగా' అని తీసిపారేయడం తప్పు.

గాయాన్ని వెంటనే కుళాయి కిందో, బోరింగు కిందో పెట్టి సబ్బుతో 15 నిమిషాలపాటు కడగాలి. గడియారం చూసి మరీ కడగాలి. రేబిస్ క్రిమిని తగ్గించడంలో దీన్ని మించిన ఇంటి వైద్యం లేదు. తర్వాత పావిడోన్ అయోడిన్ మందు పూయవచ్చు. పసుపు, కారం, సున్నం, కాఫీపొడి, పసర్లు పెట్టకూడదు. కట్టు బిగించకూడదు.

అదేరోజు ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికో, ప్రభుత్వ ఆస్పత్రికో వెళ్లాలి. ధనుర్వాతం టీకాతోపాటు రేబిస్ టీకా అవసరమో కాదో డాక్టరు చెబుతారు. రక్తం వచ్చిన గాయమైతే టీకాతోపాటు గాయం చుట్టూ ఇమ్యునోగ్లోబ్యులిన్ అనే మందు కూడా ఎక్కిస్తారు. రక్తం రాని చిన్న గీతలకు టీకా మాత్రమే వేస్తారు. కండకు వేసే పద్ధతిలో మొదటిరోజును సున్నాగా లెక్కించి 0, 3, 7, 14, 28 రోజుల్లో అయిదు మోతాదులు ఉంటాయి. చర్మం పొరలో వేసే పద్ధతిలో 0, 3, 7, 28 రోజుల్లో వెళ్లాలి. గర్భిణులు, బాలింతలు కూడా నిరభ్యంతరంగా వేయించుకోవచ్చు.

బొడ్డు చుట్టూ 14 సూదులు పొడుస్తారన్న భయం పల్లెల్లో ఇంకా పోలేదు. ఆ పాత మందును మన దేశంలో 2005 నుంచి వాడటం లేదు. ఇప్పుడు వేసేది చేతికే. ఈ భయంతో నాటుమందు వాళ్ల దగ్గరకు పోతే ప్రాణం మీదకు వస్తుంది. రేబిస్ లక్షణాలు బయటపడ్డాక బతికించే వైద్యం దాదాపు లేదనే చెప్పాలి.

పది రోజుల లెక్క

పిచ్చి పట్టిన కుక్క, పిల్లి లాలాజలంలో క్రిమి చేరిన తర్వాత ఎక్కువ రోజులు బతకవు. కొద్ది రోజుల్లోనే లక్షణాలు కనిపించి చనిపోతాయి. కాబట్టి కరిచిన పిల్లి పదో రోజు కూడా మామూలుగా తిని, తిరుగుతూ ఉంటే కరిచిననాడు దాని లాలాజలంలో రేబిస్ క్రిమి లేదని అర్థం. అప్పుడు మిగిలిన టీకాల సంగతి డాక్టరు నిర్ణయిస్తారు. అయితే పది రోజులు ఆగి చూసి టీకా మొదలుపెడదాం అనుకోకూడదు. టీకా మొదటిరోజే మొదలుకావాలి. పిల్లిని గమనించడం దానితోపాటే జరగాలి.

పిల్లిని వదిలేస్తే ఈ అవకాశం పోతుంది. టీకాలన్నీ పూర్తిగా వేయించుకోవడం తప్ప గత్యంతరం ఉండదు. ఒకవేళ అది నిజంగా పిచ్చిదే అయితే, వదిలిన ఊళ్లో ఇంకెవరి పిల్లల్ని కరుస్తుందో చెప్పలేం. కొట్టి చంపడమూ మంచిది కాదు. తల చితికితే మెదడు పరీక్షకు పనికిరాదు. పది రోజుల్లో పిల్లి చనిపోతే ఒట్టి చేతులతో ముట్టుకోకుండా వెంటనే పశువైద్యుడికి, టీకా వేస్తున్న డాక్టరుకూ చెప్పాలి.

పిచ్చి గుర్తులు ఇవీ

మనుషులకు సోకే రేబిస్‌లో నూటికి 99 వంతుల దాకా కుక్కల వల్లే వస్తుంది. అలాగని పిల్లికి రాదనుకోవద్దు. పిచ్చికుక్కో, ముంగిసో, నక్కో కరిస్తే పిల్లికీ వస్తుంది. కరిచిన కొన్ని వారాలకు, ఒక్కోసారి కొన్ని నెలలకు బయటపడుతుంది.

* కారణం లేకుండా మనుషుల మీదకు, కుక్కల మీదకు ఎగబడుతుంది.
* చీకటి మూలల్లో, మంచాల కింద దాక్కుంటుంది.
* అరుపు మారిపోతుంది, బొంగురుపోతుంది.
* దవడ వేలాడుతుంది, చొంగ కారుతుంది, మింగలేకపోతుంది.
* నడక తడబడుతుంది. తర్వాత కాళ్లు పడిపోతాయి.

నీళ్లు తాగుతోంది కాబట్టి పిచ్చి లేదని కొందరు ధీమాగా చెబుతుంటారు. నీళ్లంటే భయం మనుషుల్లో కనిపించే లక్షణం. జంతువుల్లో దాన్ని నమ్ముకోకూడదు.

నొప్పి వల్ల కావచ్చు

పిల్లి నొప్పిని చాలావరకు దాచుకుంటుంది. మనం తెలియక ఆ చోట ముట్టుకుంటే ఠక్కున కరుస్తుంది. గండుపిల్లులు పోట్లాడుకున్నప్పుడు పడిన పంటిగాట్లు పైన మానిపోయి, రెండు నుంచి నాలుగు రోజుల్లో లోపల చీముగడ్డ కడతాయి. ఇవి ముఖం మీద, ముందుకాళ్ల మీద, తోక మొదట్లో ఎక్కువగా వస్తాయి. చెవుల్లో కాఫీపొడి లాంటి మురికి ఉండి తల విదిలిస్తుంటే చెవి పురుగులు ఉన్నట్టు. మేత దగ్గరకు వచ్చి తినలేక వెనక్కి పోతుంటే పంటినొప్పి అనుకోవచ్చు. పదేళ్లు దాటిన పిల్లి బాగా తింటున్నా చిక్కిపోతూ, చిరాకుపడుతుంటే గొంతు దగ్గరి థైరాయిడ్ గ్రంథి లోపం కావచ్చు.

వీటన్నిటిలోకీ తొందరపడాల్సింది మూత్రం బిగిసిన గండుపిల్లి విషయంలో. మాటిమాటికీ కూర్చుని ముక్కుతుంది, మూలుగుతుంది, చుక్క కూడా రాదు. పొట్ట ముట్టుకోనివ్వదు. ఒకటి రెండు రోజులు ఉపేక్షిస్తే చనిపోతుంది. రాత్రయినా సరే పశువైద్యుడి దగ్గరకు తీసుకుపోవాలి.

నొప్పి తగ్గుతుందని మనం వాడే పారాసిటమాల్ మాత్ర ఎట్టి పరిస్థితుల్లోనూ వేయకూడదు. ఒక్క మాత్రే పిల్లిని చంపగలదు. గాయాల మీద ఫినాయిల్ పోయడం కూడా ప్రమాదమే. పిల్లి ఒళ్లు నాక్కుంటుంది కాబట్టి విషం లోపలికి పోతుంది.

పొలం మందులతో జాగ్రత్త

చొంగ కార్చుకుంటూ, వణుకుతూ, ఎవరినీ దగ్గరకు రానివ్వని పిల్లిని చూసి పిచ్చి అనుకుంటాం. అది పురుగుమందు విషం కూడా కావచ్చు. క్లోరిపైరిఫాస్ వంటి మందులు ఒంటికి అంటినా, కడుపులోకి పోయినా ఈ లక్షణాలే వస్తాయి. గేదెల పిడుదులకు వాడే సైపర్‌మెత్రిన్, డెల్టామెత్రిన్ మందును గోమార్లు పోతాయని పిల్లికి పూస్తుంటారు. గేదెకు పనికొచ్చేది పిల్లికి పనికిరాదు. దాని శరీరం ఈ మందులను విరిచేసుకోలేదు. వణుకు, ఫిట్సు వచ్చి చనిపోతుంది.

ఎలుకల కోసం బ్రోమాడయొలోన్ బిళ్లలు పెట్టిన ఇంట్లో, అవి తిన్న ఎలుకల్ని పిల్లి తింటే దానికీ విషం ఎక్కుతుంది. కొద్ది రోజులకు చిగుళ్లు తెల్లబడటం, నీరసం, రక్తస్రావం కనిపిస్తాయి. దీనికి విటమిన్ కె-1 విరుగుడుగా పనిచేస్తుంది. ఏ మందు వాడారో ఆ డబ్బా లేదా కాగితం వెంట తీసుకెళ్తే వైద్యం త్వరగా అందుతుంది. అయితే చొంగ విషం వల్లో, పిచ్చి వల్లో ఇంట్లో తేల్చుకోబోకండి. పశువైద్యుడు చెప్పేదాకా పిచ్చిదానితో ఉన్నంత జాగ్రత్తగానే ఉండాలి.

జబ్బు లేకపోయినా...

కిటికీలోంచి బయటి గండుపిల్లిని చూసి రెచ్చిపోయిన పిల్లి, దాన్ని అందుకోలేక దగ్గరున్న మనిషిని కరుస్తుంది. మనవాళ్లకు బయటి పిల్లి కనిపించదు. 'ఊరికే కరిచింది' అంటారు. ఈ ఉద్రేకం గంటల తరబడి, ఒక్కోసారి మర్నాటి దాకా ఉంటుంది. చీకటి గదిలో ఒంటరిగా వదిలేస్తే చల్లబడుతుంది. బుజ్జగించబోతే మళ్లీ కరుస్తుంది. ఆ కిటికీకి కొన్నాళ్లు గుడ్డ కట్టాలి.

ఈనిన పిల్లి కొన్ని వారాలపాటు ఎవరినీ నమ్మదు. పిల్లల్ని ఏడిళ్లు తిప్పేది ఆ భయంతోనే. ఆ రోజుల్లో కూనల్ని ఎత్తుకోవద్దు. మేత, నీళ్లు కాస్త ఎడంగా పెట్టి రావాలి.

కొన్ని పిల్లులు కాసేపు నిమిరితే ఊరుకుంటాయి, ఆ తర్వాత కొరుకుతాయి. తోక కదలడం మొదలవగానే చెయ్యి తీసేయాలి. చిన్నప్పుడు చేతివేళ్లతో ఆడించిన కూన పెద్దయ్యాకా చేతులమీదే దూకుతుంది. అందుకే తాడు ముక్కతోనో, గుడ్డ ఉండతోనో ఆడించాలి. ఇంట్లో రెండు పిల్లులుంటే, ఆస్పత్రికి వెళ్లొచ్చిన దాని ఒంటి వాసన మారి రెండోది పోట్లాటకు వస్తుంది. ఒకరోజు విడిగా ఉంచితే సర్దుకుంటాయి.

మళ్లీ మచ్చిక చేసుకోవడం

జబ్బు లేదని పశువైద్యుడు చెప్పాక, గడువు పది రోజులూ గడిచాక మచ్చిక మొదలుపెట్టాలి. రోజూ ఒకే వేళకు, ఒకే మనిషి మేత పెట్టాలి. మొదట దూరంగా పెట్టి, రోజురోజుకూ కాస్త దగ్గరకు జరపాలి. పిల్లి తనంతట తాను వచ్చి ఒళ్లు రాసుకునేదాకా ముట్టుకోకూడదు. తప్పు చేసిందని కొడితే దానికి అర్థమయ్యేది ఒకటే, మనిషంటే భయపడాలని. భయపడిన పిల్లే మళ్లీ కరుస్తుంది. వెనకడుగు వేయడానికి మంచం కిందో, అటక మీదో దానికంటూ ఒక చోటు ఉండాలి.

ముందే చేయాల్సినవి

పిల్లికి మూడు నెలల వయసులో రేబిస్ టీకా వేయించి, తర్వాత పశువైద్యుడు చెప్పిన గడువుల్లో మళ్లీ వేయిస్తుండాలి. ఏటా జులై 6న జరిపే జూనోసిస్ దినోత్సవం నాడు పశువైద్యశాలల్లో పెంపుడు జంతువులకు రేబిస్ టీకా ఉచితంగా వేస్తుంటారు. కుక్కను తీసుకెళ్లేవారు పిల్లిని కూడా గంపలో పెట్టి తీసుకెళ్లాలి. గండుపిల్లికి అయిదారు నెలల వయసులో విత్తులు తీయిస్తే ఊరు తిరగడం, పోట్లాటలు చాలావరకు తగ్గుతాయి. దీంతో ఎలుకలు పట్టడం మానేస్తుందన్నది అపోహ మాత్రమే.

గింజ మిగిలేలా కాపలా కాసిన పిల్లి ఒకరోజు కరిచిందంటే దానికేదో కష్టం వచ్చిందని అర్థం. అదేమిటో కనుక్కోవాలి. ముందు గాయం కడగండి, తర్వాత ఆస్పత్రికి వెళ్లండి, పిల్లిని మాత్రం పది రోజులు కళ్ల ముందే ఉంచండి.