అలసిననాడు తగ్గించుకుందాం, మానుకోవద్దు

గోపన్‌పల్లిలో రాత్రి షిఫ్టులు చేసేవారు, కట్టడాల పనిలో రోజంతా శ్రమించేవారు మనలో ఎందరో ఉన్నారు. ఉత్సాహంతో ఆరంభించిన ఖుర్‌ఆన్ పారాయణం, నఫిల్ నమాజులు కొన్నాళ్ళకే భారమై, ఇక మానివేద్దామనిపిస్తుంది.

ఒకనాడు దైవప్రవక్త (స) మస్జిద్‌లో రెండు స్తంభాల మధ్య కట్టి ఉన్న త్రాటిని చూశారు. నమాజులో అలసినప్పుడు పట్టుకోవడానికి హజ్రత్ జైనబ్ (రజి) కట్టుకున్నారని తెలిసి, దానిని విప్పించారు. ఓపిక ఉన్నంతసేపే నమాజు చేసి, అలసినప్పుడు కూర్చోవాలని ఉపదేశించారు. బుఖారీ, ముస్లిం గ్రంథాలలోని హదీసు ఇది. కొద్దిదైనా నిత్యం సాగే ఆచరణే అల్లాహ్‌కు మిక్కిలి ప్రియమని ప్రవక్త (స) తెలిపినట్లు హజ్రత్ ఆయిషా (రజి) ఉల్లేఖించారు.

కనుక ఫర్జ్ నమాజులను ఎన్నడూ విడువకుండా, పారా చదవలేని రోజున ఒక పేజీ, అదీ కానినాడు మూడు ఆయతులు చదువుదాం. అల్లాహ్ మనకు స్థిరత్వాన్ని ప్రసాదించుగాక! ఆమీన్.